'మన' అంటే ఎంతమంది?

పోయిన వారం చిన్నకోడలిని ఆ పాత ఇంటి గేటు ముందు, గొళ్ళెం మీద చెయ్యి పెట్టించి మరీ వదిలేశాం. పాపం, ఇంకా అలాగే నిలబడి ఉంది. కథ మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళకి రెండు ముక్కలు చెప్పేసి, ఆవిణ్ణి లోపలికి పంపిద్దాం.

ఈ చిన్నకోడలు పళ్ళసెట్లు తయారుచేస్తుంది. డాక్టర్లు నోటి అచ్చు తీసి పంపిస్తే, మైనంతో చిగుళ్ళు కట్టి, ఒక్కో పన్నూ పేర్చి, రంగు చూసి, పై వరసా కింది వరసా కలిసే కాటు చూసి, మనిషి మళ్ళీ నవ్వేటట్టు చేసి పంపిస్తుంది. ఇంట్లో కూర్చుని చేసుకునే పని. ఇల్లంటే ఆవిడది కాదు, బావగారిది. అందులో ఒక గది ఈవిడకీ, ఈవిడ మొగుడికీ. గదికి తలుపుంది. ఉంటే ఏం లాభం! తట్టి రావడమనే అలవాటు ఆ ఇంట్లో ఉన్నవాళ్ళకి ఒక్కరికీ లేదు. బావగారు పేపర్ వెతుక్కుంటూ వస్తారు, తోటికోడలు చల్లగాలి కోసం వస్తుంది, బావగారి చిన్నకూతురు ఫోన్ మాట్లాడుకోవడానికి వస్తుంది. ఒకరోజు తోటికోడలు తెచ్చిన కూరగాయల బుట్టని ఎక్కడ దించాలో తోచక, అప్పుడే పేర్చి ఆరబెట్టిన ఓ పెద్దాయన కింది వరస మీద దించింది. "అయ్యో, ఏం కాలేదులేవే, నవ్వుతూనే ఉందిగా" అని కూడా అంది. ముందుపళ్ళు మూడు ఊడొచ్చాయి. డాక్టరు పెట్టిన చీవాట్లు మాత్రం తోటికోడలు తినలేదు.

ఆ రోజే చిన్నకోడలు గట్టిగా అనుకుంది. మేడ వద్దు, తోట వద్దు, పాలరాయి వద్దు. మూస్తే మూసుకుని ఉండే తలుపున్న గది ఒక్కటుంటే చాలు. ఏడాదిగా ఆవిడ ఇళ్ళు చూస్తున్నది దానికోసమే.

ఇక మొగుడు. కరెంటు బిల్లుల కౌంటర్లో పని. వరస తప్పించి దూరినవాణ్ణి చూసినా "పర్లేదు" అంటాడు, చిరిగిన నోటు ఇచ్చినా "పర్లేదు" అంటాడు. ఆఫీసులో అందరూ ఆయన అసలు పేరు మర్చిపోయి పర్లేదుగారూ అనే పిలుస్తారు. మనమూ అలాగే పిలుద్దాం, ఆయన ఏమీ అనుకోరు.

ఊరి చివర పాత కాలనీలో, ఒకదానికొకటి ఆనుకుని ఉన్న మూడిళ్ళలో మొదటిది ఈ ఇల్లు. అమ్ముతున్నాయన బడిలో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. వీధివీధంతా ఆయన్ని విజిల్ మాస్టారనే అంటారు. ఇప్పటికి రెండుసార్లు చూసి వెళ్ళారు. ఈ సాయంత్రంలోగా అవునో కాదో తేల్చమని ఆయన గడువు పెట్టాడు. అదీ సంగతి. ఇక గొళ్ళెం తీద్దాం.

* * *

విజిల్ మాస్టారు గుమ్మంలోనే ఎదురొచ్చాడు. "రండి రండి! టైముకి వచ్చారు. టైముకి వచ్చే మనుషులంటే నాకిష్టం" అన్నాడు ఛాతీ ముందుకు పెట్టి. ఇల్లంతా ఫినాయిల్ వాసన. పోయినసారీ ఇంతే ఘాటుగా ఉంది. శుభ్రమైన మనుషులు కాబోలు అనుకుంది అప్పుడు చిన్నకోడలు.

ఈసారి మాత్రం ఆవిడ అడగాల్సినవన్నీ మనసులో వరసగా పెట్టుకుని వచ్చింది. హాల్లో ఒక గోడకి నడుం ఎత్తు దాకా మాత్రమే కొత్త రంగు ఉంది. దానిమీద అరచెయ్యి ఆనించి చూసింది.

"మాస్టారూ, ఈ గోడకి చెమ్మ వస్తుందా?"

విజిల్ మాస్టారు నోరు తెరిచాడు. ఆయనకి ఆ శ్రమ లేకుండా పర్లేదుగారు అందుకున్నారు. "పాత ఇల్లన్నాక కాస్తో కూస్తో ఉంటుందిలే. పర్లేదు."

"మిమ్మల్ని కాదండీ, ఆయన్ని అడిగాను."

"ఆయనైనా అదే చెప్తారుగా."

"అదే, అదే" అన్నాడు విజిల్ మాస్టారు సంతోషంగా.

స్నానాలగది తలుపు అడుగున బెత్తెడు చెక్క కోసేసి ఉంది. ఎందుకు కోశారని అడిగింది. "గాలి ఆడాలిగా!" అన్నారు పర్లేదుగారు. పంపు తిప్పితే ముందు గుర్రుమని, తర్వాత దగ్గి, ఆ తర్వాత నీళ్ళొచ్చాయి. "పైన ట్యాంకు దూరం కదా, పర్లేదు" అన్నారు. స్విచ్ బోర్డు చుట్టూ గోడ నల్లబడింది, ఏమిటంటే "దీపాల పొగేమో" అన్నారు. కరెంటు ఆఫీసులో పనిచేసే మనిషి! చిన్నకోడలికి ఒళ్ళు మండిపోయింది. ఇల్లు అమ్మేది ఎవరు, కొనేది ఎవరు? అమ్మేవాడు జేబులో చేతులు పెట్టుకుని నిలబడితే, కొనేవాడు ఇంటి తరఫున వకాల్తా పుచ్చుకుంటాడా! తిన్నగా ఒక్క ప్రశ్నకి ఒక్క జవాబు రాని ఇంట్లో ఆవిడ గోడల్ని తట్టి చూస్తూ, తలుపుల్ని లాగి చూస్తూ, పళ్ళు నూరుకుంటూ వెనక్కి నడిచింది. ఆ పళ్ళు మాత్రం సొంతవే.

వెనక గదిలోకి వెళ్ళేసరికి కోపం కాస్త మెత్తబడింది. ఎందుకు మెత్తబడదు? ఆవిడ మనసు పారేసుకున్నది ఆ గదిమీదే. వంటింటి వెనక, పెరడు ఉండాల్సిన చోట కట్టిన గది. ఎండ సూటిగా పడని పెద్ద కిటికీ. చేతిసంచిలోంచి పళ్ళ రంగుల నమూనా తీసి వెలుతుర్లో పట్టి చూసింది. పసుపు పాలు ఎక్కువైన పన్నూ, బూడిద పాలు ఎక్కువైన పన్నూ దేనికది విడిగా తెలుస్తున్నాయి. బావగారింట్లో ట్యూబులైటు కింద అన్నీ ఒకటే రంగు. ఇక్కడ బల్ల వేసుకోవచ్చు, అక్కడ అచ్చులు ఆరబెట్టుకోవచ్చు, ఈ మూల సాన పెట్టుకోవచ్చు. వంటింటి వైపు తలుపుకి మంచి బరువైన గడియ ఉంది. వేసుకుంటే ఇక ఆవిడ ఉన్నట్టే ఎవరికీ తెలియదు. ఆ మాట తల్చుకుంటేనే గుండెల్లో చల్లగా ఉంది.

రెండో తలుపు బయటి సందులోకి. దాన్ని మూసి, గడియ కోసం చెయ్యి పెట్టింది. గడియ లేదు. ఒకప్పుడు ఉండేది. నాలుగు మేకు రంధ్రాలకి లప్పం పూసి, పైన రంగు వేసేశారు.

"ఈ తలుపుకి లోపల గడియ లేదేంటి మాస్టారూ?"

"తాళం ఉందిగా! బయట్నుంచీ తిరుగుతుంది, లోపల్నుంచీ తిరుగుతుంది. దొంగలు లోపల్నుంచి రారు కదమ్మా" అని తన జోకుకి తనే నవ్వాడు.

"ఉండేది తీసేసినట్టున్నారే."

"దాందేముంది, రేపు నేనొచ్చి బిగిస్తాను" అన్నారు పర్లేదుగారు అలవాటుగా.

"బిగించకూడదు!"

విజిల్ మాస్టారి గొంతు మైదానంలో కేకేసినట్టు వచ్చింది. మరుక్షణం తగ్గించుకుని, "చెక్క పాతది. మేకు తట్టుకోదు" అన్నాడు. పర్లేదుగారు చప్పున కిటికీలోంచి ఆకాశం చూడ్డం మొదలుపెట్టారు. చిన్నకోడలు అది గమనించింది.

సరిగ్గా అప్పుడే సందులోంచి పక్కింటి నర్సమ్మ పలకరించింది. ఆస్పత్రి డ్యూటీ దిగి వచ్చినట్టుంది, ఇంకా తెల్లచీరలోనే ఉంది. "వచ్చారా అమ్మా? ఎలా ఉంది మన గది?"

ఇక్కడ కథ ఒక్క క్షణం ఆపి ఈ 'మన' సంగతి చెప్పాలి. 'మా' అంటే తలుపు దగ్గరకేసినట్టు. మా ఇల్లు, మా గోడ, నువ్వు అవతల ఉండు. 'మన' అంటే తలుపు తీసినట్టు. నువ్వూ ఇందులోనే. మొదటిసారి వచ్చినప్పుడే నర్సమ్మ ఈవిడతో "మన గదికి వెలుతురు బాగా వస్తుందమ్మా" అంది. మూడో ఇంటాయన కూడా గేటు దగ్గర ఆపి "మన వెనక గది చూశారా?" అని అడిగాడు. దారిలో పర్లేదుగారు మురిసిపోయారు. "చూశావా, ఇంకా కొనకుండానే మనవాళ్ళ కింద లెక్కేసేశారు. ఇలాంటి ఇరుగుపొరుగు ఎక్కడ దొరుకుతుంది!" అన్నారు. చిన్నకోడలు కూడా కరిగిపోయింది. ఇళ్ళు చూడబోయిన ప్రతిచోటా "మీకు మాంసం వాసన పడుతుందా, మీకు పిల్లలెంతమంది" అని ఆరాలు తీసేవాళ్ళే తప్ప, మన అన్నవాళ్ళు లేరు మరి. ప్రేమతో అన్నారనుకుంది.

ఈసారి మాత్రం ఆ మాట వేరేగా వినిపించింది. లప్పం పూసిన రంధ్రాల మీద వేలు అలాగే ఉంది.

"బాగుందండీ. లోపల గడియే లేదు" అంది మెల్లగా.

"గడియా? గడియ ఉంటే ఎలాగమ్మా, మేం రావద్దూ?" అంది నర్సమ్మ, ఎంతో మామూలుగా. "మొన్ననే మన గదికి కొత్త తాళం వేయించాం. చెవులు మూడిళ్ళకీ తలా ఒకటి. మీది మాస్టారిస్తారులే."

"నర్సమ్మగారూ, మీ పాలు పొంగుతున్నట్టున్నాయి" అన్నాడు విజిల్ మాస్టారు.

"నేనింకా పొయ్యే వెలిగించలేదు మాస్టారూ."

చిన్నకోడలు తలుపు పూర్తిగా తెరిచి గుమ్మంలో నిలబడింది. "మీరు ఈ గదిలోకి ఎందుకొస్తారండీ?"

నర్సమ్మ ఒకసారి మాస్టారి వైపు, ఒకసారి పర్లేదుగారి వైపు చూసింది. ఏదో తేడా కొట్టిందని ఆవిడకీ అర్థమైంది. కానీ డ్యూటీలో చేతిలో ఉన్న సూది గుచ్చకుండా వెనక్కి తీసుకునే మనిషి కాదు. "మూత తీయడానికమ్మా. మూడిళ్ళ బాత్రూములదీ, వంటిళ్ళదీ ఒకటే గొట్టం. దాని మూత ఇక్కడే, మీరు నిలబడ్డ చోటికి కాస్త వెనగ్గా. పూర్వం పెరట్లో ఉండేది, ఎవరికి అడ్డుపడితే వాళ్ళు వచ్చి పొడుచుకునేవాళ్ళం. మాస్టారు దానిమీద గది కట్టుకున్నారు. ఊరుకుంటామా? గొడవై, పెద్దమనుషులు కూర్చుని, గది మాస్టారిది, దారి మనందరిదీ అని తేల్చారు. అయినా వారానికోసారి, వానాకాలమైతే ఇంకోసారి. ఎంతసేపమ్మా, గంటలో పనైపోతుంది."

చిన్నకోడలు వెనక్కి తిరిగింది. నేలమీద పరిచిన పూల డిజైను షీటుని కొస పట్టుకుని లాగింది. మేకు కొట్టి కూడా లేదు, సులువుగా చుట్టుకుపోయింది. కింద గుండ్రంగా, నల్లగా, మధ్యలో రింగుతో ఇనప మూత. సరిగ్గా ఆవిడ బల్ల వేసుకుందామనుకున్న చోటే. ఇంట్లో ఫినాయిల్ వాసన ఎందుకు కొడుతోందో అప్పుడు తెలిసింది.

"మాస్టారూ!" అంది. "రెండుసార్లు వచ్చాం. ఈ గదిలో గంటసేపు నిలబడ్డాను. నాకు కావాల్సింది ఈ గదేనని మీతో నోరు తెరిచి చెప్పాను. అప్పుడైనా అనొచ్చుగా!"

విజిల్ మాస్టారి ఛాతీ కొంచెం లోపలికి పోయింది. కానీ ఆయన ముఖంలో తప్పు చేసినవాడి కళ లేదు. అది చూసి ఆవిడకి భయం వేసింది. "నేను దాచలేదమ్మా. అబద్ధమాడే అలవాటు నాకు లేదు. చెప్పాల్సినవాళ్ళకి చెప్పాను" అన్నాడు.

"ఎవరికి?"

సందులోంచి నర్సమ్మే సాయానికి వచ్చింది, ఆవిడ సాయం మండ! "అదేంటమ్మా, మీవారికి తెలియకపోవడమేంటి? పోయిన ఆదివారం మూత తీస్తుంటే ఆయనా ఒక చెయ్యి వేశారుగా! బట్టలు పాడవుతాయని మా ఆయన పాత పంట్లాము కూడా ఇచ్చాం. ఎంత మంచి మనిషండీ, అంత కంపులోనూ పర్లేదు, పర్లేదు అంటూనే ఉన్నారు."

పోయిన ఆదివారం. ఆఫీసులో పాత బిల్లులు సర్దాలని మొగుడు పొద్దున్నే వెళ్ళాడు. మిట్టమధ్యాహ్నం వచ్చి, తిన్నగా స్నానానికి పోయి, సబ్బు సగం అరగదీశాడు. "ఏంటండీ ఇంత వాసన?" అంటే "పాత కాగితాలు కదా" అన్నాడు. ఆవిడ నమ్మింది. జాలిపడి తలకి నూనె కూడా రాసింది!

"ఏమండీ" అంది. "మీకు ముందే తెలుసా?"

"అదికాదోయ్..."

"తెలుసా, తెలియదా?"

"తెలుసు. కానీ వారానికి ఒక్కపూటేగా. ఆ పూట నువ్వు బల్లమీద గుడ్డ కప్పేసుకుంటే..."

"ఆ ఇంట్లో తట్టకుండా వచ్చేది ఒక కుటుంబం. ఇక్కడ రెండు కుటుంబాలు, చేతుల్లో తాళంచెవులు పట్టుకుని మరీ! నేనేం అడిగానండీ మిమ్మల్ని? నగ అడిగానా, కారు అడిగానా? ఒక్క తలుపు. ఈ ప్రపంచంలో నేను మూస్తే మూసుకుని ఉండే తలుపు ఒక్కటి. అది తప్ప మిగతావన్నీ ఉన్న ఇంటికి తీసుకొచ్చి, మురికి గొట్టం మీద నిలబెట్టి, పర్లేదంటారా?"

పర్లేదుగారు బుర్ర గోక్కున్నారు. "నేను మాటవరసకి సరే అన్నాను, ఆయన దాన్ని పట్టేసుకున్నారు" అని గొణిగారు. "మాటవరసకా!" అని విజిల్ మాస్టారు ఎగిరాడు. "మూడిళ్ళవాళ్ళ ముందు, గునపం పట్టుకుని, ఈ పద్ధతి ఇలాగే సాగిస్తానని మాటిచ్చారు. అందుకేగా తాళం కొత్తది వేయించింది!" వాళ్ళిద్దరూ తప్పు నీదంటే నీదని వాదులాడుకుంటూ ఉంటే, గదిలో నిలబడ్డ మనిషిని చూసినవాళ్ళు లేరు. ఎప్పుడూ అంతే. ఆవిడ సంగతి మీద అందరికీ ఒక అభిప్రాయం ఉంటుంది, ఆవిణ్ణి తప్ప అందర్నీ అడిగి తేల్చేస్తారు.

"మీరిద్దరూ కాస్త వంటింట్లోకి నడవండి" అంది.

"ఎందుకోయ్?"

"నడవండి!"

ఆ గొంతుకి డ్రిల్లు మాస్టారు సైతం కాళ్ళు దగ్గరపెట్టి, వెనక్కి తిరిగి నడిచాడు. వెనకే పర్లేదుగారూ. చిన్నకోడలు వంటింటి తలుపు ధడాలున వేసి గడియ బిగించింది. సందులో నర్సమ్మ "మా బాత్రూంలో నీళ్ళు పోవడం లేదు, అది చెప్దామనే వచ్చానమ్మా, తర్వాతొస్తాలే" అని జారుకుంది. ఆవిడ వెనకాల రెండో తలుపూ మూసింది. దానికి గడియ లేదని తెలిసినా మూసింది.

నిశ్శబ్దం. పెళ్ళయ్యాక ఇంత నిశ్శబ్దంలో ఆవిడ ఉన్నది ఎన్నిసార్లు గనక! నేలమీద చతికిలబడింది, ఆ ఇనప మూత మీదే. చల్లగా తగిలింది. వెలుతురు ఎంత బాగుందో చూడు, అనుకుంది. ఏడుపొచ్చింది. ఏడ్చింది కూడా. ఎవరూ లేని గదిలో తనివితీరా ఏడవడానికి కూడా ఇన్నేళ్ళు పట్టిందే అని మరింత ఏడ్చింది.

కాసేపటికి వంటింటి తలుపు మీద టకటకమని చప్పుడు. ఆశ్చర్యం, పర్లేదుగారు తలుపు తట్టారు!

"ఏమోయ్. తలుపు తీయకపోయినా పర్లేదు. విను."

ఆవిడ తలుపు వైపు వీపు తిప్పింది.

"తప్పే. చెప్తే నువ్వు వద్దంటావని చెప్పలేదు."

"ఇప్పుడూ వద్దనే అంటున్నాను" అంది ముక్కు తుడుచుకుంటూ. "ఈ ఇల్లు నాకొద్దు. మాస్టారికి కాదని చెప్పేసి పదండి. ఇంటికి పోదాం. అక్కడ కనీసం కాళ్ళ కింద గొట్టం లేదు. ఇంకో ఏడాది వెతుక్కుంటాను, నాకేం తొందర?"

ఆవిడ చెవి తలుపు వైపు తిప్పింది.

"ఏమండీ?"

"ఇంటికా" అన్నారు పర్లేదుగారు. గొంతు చాలా చిన్నదైపోయింది. "అన్నయ్య నెల కిందట అడిగాడు. పెద్దమ్మాయీ, అల్లుడూ ఇక ఇక్కడే ఉంటారట, మీరెలాగూ ఇల్లు చూసుకుంటున్నారు కదా, ఆ గది ఖాళీ చేస్తారా అని."

"అడిగితే?"

ఏమన్నాడో మీకూ తెలుసు, ఆవిడకీ తెలుసు.

"ఎప్పుడొస్తున్నారు వాళ్ళు?"

"వచ్చేశారు. మనం ఇటు బయల్దేరాక. వదిన ఇందాక ఫోన్ చేసింది. మన పెట్టెలన్నీ మెట్ల కింద సర్దేశారట. నీ బల్ల వరండాలో పెట్టించిందట. జాగ్రత్తగానే దించారుట, ఒక్క అచ్చు మాత్రం..."

ఆ అచ్చు సంగతి ఆవిడ వినలేదు. వెనక తలుపు తాళంలో చెవి తిరిగింది. తలుపు బార్లా తెరుచుకుంది. పంట్లాము మోకాళ్ళ దాకా మడిచి, ఒక చేత్తో బకెట్టూ, ఇంకో చేత్తో పొడుగాటి వెదురుబద్దా పట్టుకుని మూడో ఇంటాయన లోపలికి అడుగుపెట్టాడు. మూత మీద కూర్చున్న ఆడమనిషిని, ఎర్రబడ్డ కళ్ళని చూసి ఒక్క క్షణం తటపటాయించాడు. కానీ అవతల నర్సమ్మ ఇంట్లో నీళ్ళు గడప దాటుతున్నాయి, ఆయనింట్లోనూ మొదలయ్యాయి.

"ఏమీ అనుకోకమ్మా" అన్నాడు బకెట్టు కింద పెడుతూ. "కొంచెం జరుగుతావా?"

చిన్నకోడలు కొంగుతో మొహం తుడుచుకుంది. మూత రింగులో వేళ్ళు దూర్చి, గట్టిగా పట్టుకుని, సర్దుకుని కూర్చుంది.

"జరగను" అంది.